దీవుల కోడలి కొబ్బరిపాల పాయసం

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో మగవాళ్ళు ఓడలెక్కి పోయేవాళ్ళు, ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఎదురుచూసేవాళ్ళు. గాలి అటు తిరిగితే ఓడలు పోయేవి, ఇటు తిరిగితే వచ్చేవి. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే నా కథ ఎక్కడికక్కడే ఆగిపోతుంది.

రాజుగారా? ఉన్నాడురా వాసూ, కోటలో పడుకుని ఉన్నాడు. ఆయనతో మనకి పని లేదు, పడుకోనీ.

ఆ ఊళ్ళో మాణిక్యాంబ అని ఒకావిడ. పెద్ద ఇల్లు, పెద్ద నోరు. ఆవిడకి ఒక్కడే కొడుకు, చలమన్న. ఆ ఇంట్లోనే ఆవిడ ఆడపడుచు అచ్చాయమ్మ కూడా ఉండేది. మంచి మనిషి, కానీ ఎవరూ అడక్కుండానే సాయం చేసేస్తుంది. అదొక్కటే ఆవిడతో చిక్కు.

చలమన్న ఒక ఏడు తూర్పు దీవులకి వెళ్ళాడు. హైమా, మీ భూగోళం పుస్తకంలో ఫిలిప్పీన్స్ అని ఉంటుందే, ఆ దీవులు. వెళ్ళినవాడు మిరియాలు తెస్తాడనుకుంటే పెళ్ళాన్ని తెచ్చాడు. పిల్ల పేరు లిగాయ. ఓడలో వచ్చిన నాలుగు నెలల్లోనూ మొగుడి దగ్గర మన మాట నేర్చుకుంది. గడప దగ్గర నిలబడి, అత్తయ్యగారూ బాగున్నారా అంది. మాణిక్యాంబ కొడుకుని ఒక్కసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంటికో ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు ఒక శుక్రవారం తన చేత్తో ఒక తీపి వండి దేవుడికి నైవేద్యం పెట్టాలి. అది కుదిరితేనే పొయ్యి ముట్టుకోనిస్తారు. మాణిక్యాంబ ఏం చెప్పిందంటే, నీకు మూడు శుక్రవారాలు ఇస్తున్నాను, మూడోదీ పాడైతే మర్నాడు గాలి తిరిగి ఓడ వెళుతుంది, అందులో మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపో అంది. చలమన్న ఏదో అనబోతే, నువ్వు పడవలు నడుపు, వంటిల్లు నేను నడుపుతాను అంది.

సరే, మొదటి శుక్రవారం వచ్చింది. పిల్ల తలంటుకుని, తడిబట్ట కట్టుకుని, కొబ్బరి కోరే కోరాం ముందేసుకుని కూచుంది. కాయ ఒలిస్తే పీచు, పీచు తీస్తే చిప్ప, చిప్ప కోరితే కోరు, కోరు పిండితే పాలు. మొదటిసారి పిండిన చిక్కటి పాలు ఒక గిన్నెలో పోసి పక్కన పెట్టింది. పిప్పిలో వేణ్ణీళ్ళు పోసి మళ్ళీ పిండితే వచ్చిన పల్చటి పాలు పొయ్యి మీద పెట్టింది. అందులో బియ్యప్పిండి ఉండలు, సగ్గుబియ్యం, చిలగడదుంప ముక్కలు, మగ్గిన బొంతరటి పండు, పనస తొనలు. వాళ్ళ దీవుల్లో దాన్ని గినతాన్ అంటారట. మధ్యాహ్నం పూట పిల్లలకి పెడతారట, మా చిన్నప్పుడు మాకు జంతికలు పెట్టినట్టు.

నాకిప్పటికీ పచ్చికొబ్బరి పాలు పొంగుతున్న వాసన వస్తే మా పుట్టింటి వంటసాల కళ్ళ ముందుకొస్తుంది. ఎర్రమట్టి అలుకు, పైకప్పు సందులోంచి పడే ఎండ, ఆ ఎండలో పొగ. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ పొగా లేదు. సరే, ఎక్కడున్నాం?

ఆ, పొయ్యి దగ్గర. పిల్ల గరిటెతో కాస్త తీసి, అరచేతిలో వేసుకుని, నాకి చూసింది. వాళ్ళ ఊళ్ళో అందరూ అలాగే చూస్తారు, తప్పేం లేదు. ఇక్కడ మాత్రం దేవుడికి పెట్టకముందే ఎంగిలి. మాణిక్యాంబ గిన్నె తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసి వచ్చింది. పాపం, అచ్చాయమ్మ ఒక్కతే, వాసన బాగుంది వదినా అని గొణిగింది.

రెండో శుక్రవారం వచ్చింది. మళ్ళీ కాయ ఒలిస్తే పీచు, పీచు తీస్తే చిప్ప, చిప్ప కోరితే కోరు, కోరు పిండితే పాలు. ఈసారి పిల్ల నాలిక మీద చుక్క వేసుకోలేదు. ఉండలు పైకి తేలితే ఉడికినట్టని, అరటిముక్కలో కొబ్బరి ఈనె మెత్తగా దిగితే మగ్గినట్టని కళ్ళతో చూసుకుంది. తులసికోట పక్కనున్న నూతిలోంచి నీళ్ళు తేవడానికని పెరట్లోకి వెళ్ళింది. ఈలోగా అచ్చాయమ్మ వచ్చింది. పక్కన గిన్నెలో చిక్కటి పాలు అలాగే ఉన్నాయి. అయ్యో, మరిచిపోయినట్టుంది వెర్రిపిల్ల అనుకుని, కుతకుత ఉడుకుతున్న దాంట్లో మొత్తం కుమ్మరించి, చక్కా పోయింది.

ఏమవుతుంది? పాలు విరిగాయి. పైన నూనె, కింద పెరుగుతరకల్లాంటి ముక్కలు. పిల్ల తిరిగొచ్చి చూసి అలాగే నిలబడిపోయింది. మాణిక్యాంబ అడిగింది, ఇదేనా మీ దీవుల వంట అని. పిల్ల తల వంచుకుంది.

ఊ కొట్టడం మానేశారేం? హైమా, నిద్రపోయావా? లేదా, సరే.

మూడో శుక్రవారం మాణిక్యాంబ తనే పీట వేసుకుని పొయ్యి ఎదురుగా కూచుంది. తప్పు పట్టుకోవడానికే కూచుంది, మరి దేనికి. అవతల ఓడకి తెరచాపలు కడుతున్నారు. చలమన్న వీధి అరుగు మీద లేస్తున్నాడు, కూచుంటున్నాడు. కాయ ఒలిస్తే పీచు, పీచు తీస్తే చిప్ప, చిప్ప కోరితే కోరు, కోరు పిండితే పాలు. పిల్ల తలెత్తకుండా పని చేసుకుపోయింది. ఉండలు తేలాయి. ఈనె దిగింది. గిన్నె దించి కింద పెట్టి, పక్కన కూచుంది. ఊరికే కూచుంది.

అచ్చాయమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి, "వదినా, మళ్ళీ మరిచిపోయింది. చిక్కటి పాలు పొయ్యనే లేదు," అని లోపలికి అడుగేసింది.

మాణిక్యాంబ చెయ్యి అడ్డం పెట్టింది. "అచ్చాయీ, పాలతాలికల్లో నేను బెల్లం ఎప్పుడేస్తాను?"

"దించి, వేడి తగ్గాక వేస్తావు."

"ఎందుకు?"

"ఉడుకుతుండగా వేస్తే పాలు విరిగిపోవూ."

మాణిక్యాంబ కాసేపు ఆ గిన్నె వంకే చూసింది. నలభై ఏళ్ళుగా తనూ అలాగే దించి కూచునేది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "పోయిన శుక్రవారం చిక్కటి పాలు పోసిందెవరే?"

అచ్చాయమ్మ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "నేనే వదినా. సాయం చేద్దామనుకున్నాను."

"చేశావులే. ఈసారి ఆ అరుగు మీద కూచుని మీ మేనల్లుడికి సాయం చెయ్యి, లేస్తూ కూచుంటూ ఉన్నాడు."

వేడి తగ్గింది. పిల్ల బెల్లం వేసి కలిపి, మొదటి పాలు పోసింది. వెన్నలా కలిసిపోయాయి. అప్పుడు అడిగింది, "అత్తయ్యగారూ, తీపి చాలిందో లేదో నాలిక మీద వేసుకోకుండా ఎలా తెలుస్తుంది?"

పరీక్ష పెట్టినావిడ జవాబు చెప్పకూడదు. మాణిక్యాంబ పీట జరుపుకుని దగ్గరికొచ్చింది. గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఆవిరి పీల్చింది. "ఇంకో గుప్పెడు బెల్లం వెయ్యి. నాకు మా అత్తగారు నేర్పారు. అప్పట్లో నేను రోజూ ఏడ్చేదాన్ని," అంది.

నైవేద్యం అయింది. అందరూ తిన్నారు. అచ్చాయమ్మ మూడుసార్లు పెట్టించుకుంది. చలమన్నకి గిన్నె అడుగున గరిటెకి అంటుకున్నదే మిగిలింది, అయినా నవ్వుతూనే తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓడ నడిపే సరంగు మనుషుల్ని వెంటపెట్టుకుని వచ్చాడు, కోడలుగారి సామాను ఎక్కించమంటారా అని. మాణిక్యాంబ ఒక బస్తా కొత్త బియ్యం, ఒక బుట్ట బెల్లం వీధిలో పెట్టించింది. ఇవి మా వియ్యపురాలికి చేర్చు అంది. ఆవిడకో మాట కూడా చెప్పమంది. మీ అమ్మాయికి వంట వచ్చు గానీ వాసన పట్టడం ఇంకా రాలేదు, అది వచ్చేదాకా పంపను అని చెప్పమంది.

ఎన్నాళ్ళకొచ్చిందా? ఏమో నాన్నా. ఆ పిల్ల మనవలకి కూడా ఆ ఇంట్లోనే పెళ్ళిళ్ళయ్యాయని మా అమ్మ చెప్పేది. అందుకే, ఎవరి గిన్నె అయినా కుడితిలో పొయ్యబోయే ముందు, పీట వేసుకుని కాసేపు కూచుని చూడాలర్రా.

కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పటి దారి పడదాం.