అంబలమ్మ బోర్లించిన ముంత

ఎర్రబయలు గుట్ట మీద వెలసిన అంబలమ్మ తల్లికి గోపురం లేదు, వెండి తొడుగులు లేవు. ఉన్నది నిలువెత్తు నల్లరాయి. భుజాన బిడ్డ తల వాల్చినట్టు, చేతిలో ముంత బోర్లించినట్టు కనిపిస్తుంది. ఆకలి తీర్చే తల్లి ముంత బోర్లించడమేమిటని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతుంటారు. అడగవలసిన మాటే.

పూర్వం ఇక్కడ వానలు మొహం చాటేసి పెద్ద కరువు వచ్చింది. ఊరిపెద్దలు ఇంటింటి రాగులూ ఒకచోట చేర్చి, గంగాళంలో అంబలి కాచి, వచ్చినవారందరికీ పోయించాలనుకున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు కదా! అందుకని ఏ పక్షానికీ చెందని మనిషిని వెతికారు. గొర్రెలు కాసుకునే సుంకన్న దొరికాడు. నోట్లో నాలుక లేనివాడు, తన ముద్ద ఎదుటివాడికి పెట్టి పస్తున్నవాడు. తల్లి చనిపోతే అక్క ఓబులమ్మే అతన్ని పెంచింది. ఇప్పుడామె అత్తవారి ఊరిలో ఉంది.

మొదట్లో సుంకన్న అందరికీ సమంగా పోశాడు. ఒకనాడు ఒక ముసలివాడు చేతులు జోడించి "అయ్యా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక సుంకన్నను అలా పిలిచినవారు లేరు. ఒళ్ళు ఝల్లుమంది. తెలియకుండానే గరిటె అడుగుకు దించి చిక్కటి అంబలి పోశాడు. మరునాడు చేతులు జోడించని వారికి పైపై తేట పోశాడు. ఇలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇదేమిటని ఎవరైనా అడిగారా అంటే, అదీ లేదు. ఆకలిగొన్నవాడు గరిటెను ఎదిరించడు. క్రమంగా తల ఎత్తినవారిని వెనక్కి పంపసాగాడు. గొర్రెలను కూడా ఏనాడూ అదిలించని మనిషికి కళ్ళు నెత్తికెక్కాయి. ఎప్పుడు తెల్లవారుతుందా, ఎప్పుడు గంగాళం ముందు నిలబడతానా అని ఎదురుచూసేవాడు.

అటువంటి రోజుల్లో ఓబులమ్మ పసిబిడ్డను భుజాన వేసుకుని, మండుటెండలో నడిచి వచ్చింది. తమ్ముణ్ణి చూడగానే ఆమె ప్రాణం లేచి వచ్చింది.

"ఒరే సుంకిగా! బిడ్డ నిన్నట్నుంచి కండ్లు తెరవలేదురా. రవ్వంత పొయ్యి."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుంకన్న మొహం నల్లబడింది. ఆ నవ్వు వినబడకపోయి ఉంటే పోసేవాడేమో. "ఈడ ఒరే గిరే అనగూడదు. ఎనక్కి పో, వరసలో రా" అన్నాడు.

ఆమె వెళ్ళి వరుస చివర నిలబడింది. మళ్ళీ ముందుకు వచ్చేసరికి పొద్దు వాలింది. చేత్తో పెంచిన తమ్ముడికి చేతులు జోడించి, "అయ్యా, బిడ్డకు పొయ్యండయ్యా" అంది. సుంకన్న తృప్తిగా గరిటె అడుగుకు దించి ముంత నిండా పోశాడు. ఆమె వేలితో బిడ్డ పెదవులకు అంబలి రాసింది. బిడ్డ మింగలేదు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

ఓబులమ్మ ఏడవలేదు. తమ్ముడి కాళ్ళ ముందు ముంత బోర్లించి, "ఇంగ నువ్వే తాగు నాయనా" అని గుట్టెక్కింది. వెనకాలే పరుగెత్తిన వారికి అక్కడ ఈ రాయి తప్ప మనిషి కనిపించలేదు.

సుంకన్న రాయి పాదాల దగ్గర పడి తల కొట్టుకున్నాడు. సొమ్మసిల్లిన కునుకులో అమ్మ పలికింది. "నీ చెయ్యి మంచిదే సుంకా. ఎవరికి పోస్తున్నానో చూసి చూసి చెడిపోయినావు. కండ్లకు గంతలు కట్టుకో. నీ చెయ్యి ఆకలిగొన్నోళ్ళకియ్యి."

ఏటా శ్రావణమాసపు తొలి మంగళవారం గుట్ట మీద అమ్మ చెప్పిన ఆ ఆచారం నేటికీ జరుగుతోంది. వడ్డించేవారు కళ్ళకు పసుపుగుడ్డ కట్టుకుంటారు. తాగేవారే వారి మణికట్టు పట్టుకుని, గరిటెను గంగాళం అడుగుకు దించి, కావలసినంత పోయించుకుంటారు. వరుసలో "అయ్యా" అనరాదు. వడ్డించేది ఎంతటి అధికారి అయినా "ఒరే" అనే పిలవాలి. ఒకసారి వడ్డించినవారికి మళ్ళీ గరిటె ఇవ్వరు. గరిటె కావాలని అడిగినవారికి అసలే ఇవ్వరు.

ఇక్కడ అంబలి తాగినవారి ఇంట గింజ నిండుకోదని, పసిబిడ్డలకు గండాలు తొలగుతాయని భక్తుల విశ్వాసం. వడ్డించినవారికి మాత్రం అమ్మ ఏ వరమూ చెప్పలేదు.