బీడు జ్వరం, కొండ జ్వరం

కొండకింద తుమ్మబీడు, దాని పక్కనే మంద దొడ్డి. చలికాలమంతా మేకలూ గొర్రెలూ కిందే మేస్తాయి. ఎండలు ముదిరి గడ్డి మాడిపోతే కొండెక్కక తప్పదు. నెత్తురు పీల్చే పిడుదు పురుగులు రెండుచోట్లా ఉన్నాయి. బీడు పిడుదు కరిస్తే పిల్లకు ఒళ్ళు కాగి, కొన్నాళ్ళకు తగ్గిపోతుంది. కొండ పిడుదు కరిస్తే మాత్రం ఎర్రగా మూత్రం పోసి పడిపోతుంది. బీడు జ్వరం వచ్చి తేరుకున్న పిల్ల దాన్ని తట్టుకుంటుంది. అందుకే కొండెక్కే ముందు ప్రతి పిల్లనూ బీడులో తిప్పడం ఆ మందలో ఆనవాయితీ.

ఉన్నమ్మ అనే గొర్రెకు తొలిచూలు పిల్ల. దాన్ని చూసి పోయినేడు చెరకు తోటల నుంచి వలస వచ్చిన నక్క నోరు చప్పరించుకుంటూ కంచె దగ్గర చేరాడు.

"ఏమ్మా ఉన్నమ్మా, ఇంత ముద్దొచ్చే బిడ్డని ఆ ముళ్ళలోకి తోలతావా? ఏరికోరి బిడ్డకి జ్వరం తెప్పించే తల్లి ఎక్కడన్నా ఉంటుందా?"

"నిజమే బావగారూ. నాకూ మనసొప్పడం లేదు."

పక్కనే నెమరేస్తున్న ముసలి మేక చుక్కమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"నీకెందుకురా అంత ప్రేమ? పోయిన వేసవిలో బీడు తొక్కకుండా కొండెక్కిన పిల్లలు ఎన్ని పడిపోయాయి? వాటి ఎముకలు ఎవడి బొరియ ముందున్నాయి?"

"వయసు మీద పడింది, పాపం," అన్నాడు నక్క, ఉన్నమ్మ వైపు తిరిగి. "ఆ పురుగు వేరు, ఈ పురుగు వేరు. ఇక్కడి జ్వరం అక్కడేం కాపాడుతుందమ్మా?"

"వేరే గానీ, అవి అన్నదమ్ములు! తమ్ముడితో కొట్లాడి గెలిచిన ఒళ్ళు అన్నని చూడగానే పోల్చుకుంటుంది. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు చెప్తావా?"

"మా ఇంటి సంగతి నీకెందుకత్తా?" అంది ఉన్నమ్మ.

చుక్కమ్మ కోపం చల్లారలేదు. నక్క మీద కంటే ఆ వెర్రి తల్లి మీదే ఎక్కువ మండింది. మర్నాడు ఉన్నమ్మ కునుకు తీస్తుండగా గొర్రెపిల్ల ముందు ఒక తుమ్మకాయ పడేసింది. అది కరకరా నమిలింది.

"ఇంకా కావాలా? రా నాతో."

పొద్దు వాలేదాకా పిల్ల బీడంతా తిరిగి కాయలు ఏరుకు తింది. చెవుల నిండా పిడుదులు పట్టాయి. కొన్నాళ్ళకు ఒళ్ళు కాలిపోయింది, పాలు తాగడం మానేసింది. ఉన్నమ్మ పరుగున వచ్చి చుక్కమ్మ డొక్కలో కుమ్మింది.

"నా బిడ్డకేమన్నా అయితే నిన్ను బతకనివ్వను, ముసలి ముండా!"

"కుమ్ము. ఎంతసేపైనా కుమ్ము. పిల్ల లేచి నిలబడ్డాక మాట్లాడదాం."

పైకి అలా అంది గానీ పిల్ల కళ్ళు తెరిచేదాకా చుక్కమ్మ మేత ముట్టలేదు. చివరికి పిల్ల లేచి పాల కోసం తల్లి పొదుగును పొడిచింది.

ఎండలు ముదిరాయి, మంద కొండెక్కింది. నక్క ముందే వెళ్ళి ఏపుగా పెరిగిన బోదగడ్డిలో పొంచి కూర్చున్నాడు. ఒకసారి జ్వరంతో కాగిన పిల్ల, ఇప్పుడు ఇట్టే పడిపోతుందనుకున్నాడు. కొండ జ్వరం గడ్డి తినేవాళ్ళకే గానీ తనకెందుకు వస్తుందనీ అనుకున్నాడు. పిల్లకు కొండ పిడుదులు పట్టాయి. ఒక పూట మందకొడిగా మేసి, మళ్ళీ గెంతులు మొదలెట్టింది. నక్క కదలకుండా కాచుకున్నాడు. ముళ్ళకు బొచ్చు చెడుతుందని ఏనాడూ బీడు తొక్కనివాడు, గడ్డిలో అంతకాలం కూర్చుంటే పిడుదులు ఊరుకుంటాయా?

మంద ఆ పక్కకు మేతకొచ్చేసరికి నక్క కాళ్ళు బారజాపి పడున్నాడు. కింద నేల ఎర్రగా తడిసింది.

"చుక్కమ్మా, ఒళ్ళు కాలిపోతోంది. మందేదన్నా చెప్పు తల్లీ."

"కిందుంది, బీడులో. ఎండలు రాకముందు తినాల్సిన మందు. దాని జోలికే పోవద్దని ఊరంతా చాటావు కదరా!"

ఉన్నమ్మ తల దించుకుని పిల్లను ముందుకు తోలింది. చుక్కమ్మ మాత్రం కదల్లేదు. వాడి ఊపిరి ఆగేదాకా అక్కడే నిలబడి చూసింది. జాలి పడలేదు.

నీ బిడ్డ మీద నీకంటే ఎక్కువ ప్రేమ ఒలకబోసేవాడు ఎక్కడ కాచుకు కూర్చుంటాడో ముందు చూసుకో.