నూకాలు దండెం

చాకలి నూకాలు బట్టలారేసుకునే బయలును "ప్రజల మేలు కోసం" అని ఊరంతా చాటింపు వేయించి మరీ రాజుగారు లాక్కున్నారు. లాక్కుని వర్తకుడు గవరయ్యకు కట్టబెట్టారు. ఆయన అక్కడ పెద్ద మేడ లేపాడు.

నూకాలు ఏడుస్తూ కూర్చోలేదు. గృహప్రవేశం నాడు తడిబట్టల మూటతో తిన్నగా లోపలికెళ్లి, స్తంభాలకు దండెం కట్టి చీరలు ఆరేసింది. విందుకొచ్చిన రాజుగారి తలపాగా మీద నీళ్లు కారాయి.

"ఎవరింట్లో ఏం చేస్తున్నావే?" అని రాజుగారు మండిపడ్డారు.

నూకాలు ఇంకో చీర దులిపింది. "నేనూ ప్రజల్లో మనిషినే కదా మారాజా! ఇది ప్రజలదైతే నా దండెం ఇక్కడే ఉంటది. గవరయ్యగారిదైతే తమ చాటింపు అబద్ధం, నా బయలు నాకిచ్చేయండి. ఏదో ఒకటి తమరే చెప్పండి."

ఊరంతా చెవులు రిక్కించింది. తన చాటింపు అబద్ధమని రాజుగారు ఏ నోటితో అంటారు?

ఆ మేడ ఇప్పుడు ఊరి సత్రం. మిద్దె మీద నూకాలు దండెం. గవరయ్య పంచెలూ దానిమీదే ఆరుతాయి.