ఒప్పులకొండ మధ్యాహ్న హారతి

పూర్వం, తూర్పు కనుమల అంచున ఉన్న ఈ కొండను శ్వేతాచలమని పిలిచే కాలంలో, ఇక్కడి గుహాలయంలో స్వయంభువుగా వెలసిన నరసింహస్వామిని సింగరాచార్యులు, అప్పలాచార్యులు అనే అన్నదమ్ములు వంతుల ప్రకారం అర్చిస్తూ ఉండేవారు. గుహలోకి ఎండ చొరబడదు. మిట్టమధ్యాహ్నం అర్చకుడు కర్పూరం వెలిగించినప్పుడే స్వామి ముఖదర్శనం. ఆ కొద్ది క్షణాల కోసమే జనం ఎంతో దూరం నుంచి నడిచి వచ్చేవారు.

సింగరాచార్యులు శాస్త్రం క్షుణ్ణంగా చదివినవాడు. స్వరం తప్పేది కాదు, నియమం తప్పేది కాదు. అయితే తమ్ముడు హారతి ఇచ్చే రోజున స్వామి నవ్వుతున్నట్టు ఉంటుందని భక్తులు చెప్పుకోవడం ఆయన చెవిన పడింది. ఆ మాట ఆయన మనస్సులో ముల్లులా దిగబడిపోయింది. ఒకనాడు స్వామివారి బంగారు తిరునామాన్ని తానే తీసి తమ్ముడి మడిబట్టల మూటలో దాచి, పెద్దల ఎదుట ఆ మూట విప్పించాడు. అప్పలాచార్యులు "నాకు తెలియదు" అని ఒక్కసారి అన్నాడు. అన్నగారి ముఖం చూశాక రెండోసారి అనలేదు. కొండ దిగి వెళ్ళిపోతున్న అతని వెంట, కళ్ళు మసకబారిన తల్లి అలమేలమ్మ కూడా కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయింది.

మరునాడు మధ్యాహ్నం సింగరాచార్యులు హారతి వెలిగించాడు. దీపం ఆయనకూ స్వామికీ నడుమ ఉంది కనుక నీడ ఆయన వెనక్కి పడవలసింది. కాని అది దీపాన్ని దాటి ముందుకు సాగి, స్వామి పాదాల మీదుగా మెల్లగా పైకి పాకి, సరిగా ముఖం మీద నిలిచిపోయింది. ఆయన పక్కకు జరిగాడు, నీడ కదలలేదు. పళ్ళెం దించి కింద పెట్టాడు. ఖాళీ అయిన చేతులు ఆయన జోడించినా నీడ చేతులు జోడించలేదు. మంటపంలో ఉన్నవారంతా చూశారు.

నాటి నుంచి రోజూ అదే తీరు. ఆయన దీపాలు పెంచాడు, హోమాలు చేశాడు, నలభై రోజులు ఉపవాసం ఉన్నాడు. వెలుతురు పెరిగిన కొద్దీ నీడ చిక్కబడింది. భక్తులు రావడం తగ్గిపోయింది; వచ్చినవారు ఆయన ఎదురైతే పిల్లలను కొంగు చాటున దాచుకునేవారు.

అటువంటి రోజుల్లో పైడమ్మ అనే గొల్ల స్త్రీ, స్వామిని చూసేదాకా వండిన అన్నం ముట్టనని మొక్కుకుని, ఏడు రోజులు నడిచి వచ్చింది. హారతి అయ్యాక ఆమె గడప దగ్గర కూలబడి ఏడ్చింది.

"సామి అగుపించలేదు బాబూ. ఆ మొకం ఉండాల్సిన చోట నలుపే అగుపించింది. నేనేం పాపం చేశానో చెప్పు."

పాపం ఎవరిదో సింగరాచార్యులకు తెలుసు. "నీది కాదమ్మా," అని మాత్రం అనగలిగాడు. ఆమెకు పళ్ళు, పాలు ఇచ్చి, తాను తిరిగి వచ్చేవరకు కొండ దిగువ సత్రంలో ఉండమని వేడుకుని, తమ్ముణ్ణి వెదుకుతూ పడమరగా బయలుదేరాడు. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు, అయినా నీడ ఆయనకు ముందే నడిచింది. అది పడిన చోట పక్షులు కూత ఆపేశాయి. పశువులు దానిని తొక్కక పక్కకు తొలగిపోయాయి.

మూడో రోజున కొండల నడుమ ఒక సవరగూడెంలో తమ్ముడి గుడిసె కనిపించింది. గడపలో కూర్చున్న అలమేలమ్మ తల ఎత్తి చూసింది.

"అప్పలా, ఎవరో వచ్చార్రా. మనిషి తెలుస్తున్నాడు గాని మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు," అంది భయంగా.

కన్నతల్లి నోట ఆ మాట విని సింగరాచార్యులు నేల మీద పడిపోయాడు. "నేనేనమ్మా, సింగరాన్ని. తిరునామం మూటలో పెట్టింది నేనే."

అప్పలాచార్యులు గుడిసెలోంచి వచ్చి అన్నను లేవదీశాడు. అప్పుడు అన్నాడు: "నాకు ఆనాడే తెలుసు అన్నయ్యా. నాతో చెప్పి ఏం లాభం? ఎవరి ముందు నన్ను దొంగను చేశావో వారి ముందు చెప్పు. నేనూ వస్తాను."

ముగ్గురూ కొండకు వచ్చారు. మధ్యాహ్నవేళ, హారతికి ముందు, సింగరాచార్యులు జనం వైపు తిరిగి చేసినదంతా దాచకుండా చెప్పాడు. కొందరు కర్రలు ఎత్తారు. తమ్ముడు అడ్డం వెళ్ళి, "ఎవరూ బలవంతపెట్టకుండా మా అన్న చెప్పాడు. ఆయన్ని కొట్టాలంటే ముందు నన్ను కొట్టండి," అన్నాడు. పిమ్మట పళ్ళెం తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. "నువ్వే వెలిగించు."

కర్పూరం అంటుకోగానే స్వామి ముఖం మీది నీడ కదిలింది. నుదుటి నుంచి కంఠానికి, కంఠం నుంచి పాదాలకు జారి, నేల మీదుగా వచ్చి ఆయన వెనక్కి వెళ్ళిపోయింది. తల్లి తడుముకుంటూ వచ్చి పెద్దకొడుకు చెంపలు పట్టుకుని, "ఇప్పుడు కనిపించావు నాయనా," అంది.

పైడమ్మ మాత్రం స్వామికంటే ముందు సింగరాచార్యులకే చేతులు జోడించింది. "తప్పు ఒప్పుకుంటున్నప్పుడు నీ మొకంలోనే సామి అగుపించాడు బాబూ. గుహ లోపల చూసింది తరవాతే." ఆమె ఇంటికి వెళ్ళి, తాను వెళ్ళగొట్టిన కోడల్ని చేయి పట్టి తీసుకువచ్చిందని చెబుతారు.

తప్పు ఒప్పుకున్న కొండ గనుక శ్వేతాచలం జనుల నోట ఒప్పులకొండ అయింది. ఆ ఇద్దరి వంశీకులే నేటికీ అర్చకులు. హారతి వెలిగించే ముందు అర్చకుడు భక్తుల వైపు తిరిగి, "నా వల్ల నొచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. జవాబు రాకపోతేనే కర్పూరం అంటిస్తారు. గుహలో అప్పుడు ఊపిరి చప్పుడు కూడా వినిపించదు.

మా చిన్నతనంలో ఒకసారి వెనుక వరుస నుంచి, "ఉన్నాను," అని ఒక ముసలి గొంతు పలికింది. అర్చకుడు పళ్ళెం దించి, జనాన్ని తప్పించుకుంటూ ఆ వరుసలోకి నడిచాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. ఆనాడు మధ్యాహ్న హారతి సాయంత్రానికి గాని కాలేదు. అంతవరకు ఒక్కరూ కొండ దిగలేదు.