భీమేశ్వరరావు వంతలు

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు గవర్రాజు గారికి లేదు. అందుకే ఊళ్ళో సగం మంది ఆయన్ని జ్ఞాని అంటారు, మిగతా సగం చెవుడంటారు. ఒకప్పుడు గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా ఎర్రజెండా ఎగిరిన ప్రతి ఊళ్ళోనూ ఆయన బుర్రకథ మోగింది. గొంతు పోయాక అరుగు మీద కూర్చుని శిష్యుల్ని తయారు చేస్తున్నారు. వాళ్ళలో గొంతున్నవాడు భీమేశ్వరరావు ఒక్కడే. తక్కినవాళ్ళకి ఉత్సాహం ఉంది.

ఆ భీమేశ్వరరావు ఒక సాయంత్రం దిగులు మొహంతో వచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఊరూరా తిరిగి విప్లవం గురించి చెబుతున్నాను. నాకు అటూ ఇటూ నిలబడే ఇద్దర్నే నమ్మించలేకపోయాను. ఎలా చెబితే నమ్ముతారు?"

అటూ ఇటూ నిలబడేది వంతలు. కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతుంటే, గుమ్మెటలు వాయిస్తూ "తందాన తాన" అని అందుకుంటారు. మధ్యలో కథ ఆపి సందేహాలు అడుగుతారు. భీమేశ్వరరావుకి కుడిపక్క వంత అతని భార్య చంద్రకాంతం, ఎడమపక్క వంత చిన్ననాటి స్నేహితుడు అబ్బులు. ఇద్దరికీ పార్టీ మీద ఏమంత నమ్మకం లేదు. చంద్రకాంతం మొగుడి కోసం వచ్చిందనీ, అబ్బులు కథ అయ్యాక పెట్టే భోజనం కోసం వచ్చాడనీ ఊళ్ళో చెప్పుకుంటారు. స్నేహం కోసం కూడా మనిషి గుమ్మెట పట్టుకుంటాడని ఊరికి తోచలేదు. ఊరికి మిగతావన్నీ తెలుసు.

ఆమధ్య కోతలయ్యాక పక్క ఊళ్ళో కథ పెట్టించారు. పార్టీ కార్యదర్శి ముందు వరసలో కూర్చుని నిద్రపోతున్నాడు. క్రమశిక్షణ గల మనిషి కనుక నిటారుగా కూర్చునే నిద్రపోతాడు. భీమేశ్వరరావు రాబోయే రాజ్యాన్ని వర్ణిస్తున్నాడు. అక్కడ అబ్బులు గుమ్మెట ఆపి అడిగాడు:

"అన్నీ ఉమ్మడేనంటున్నావు గురూ! మా ఆవిడ కూరలో ఉప్పెక్కువేస్తే అదీ ఊరంతా పంచుకుంటుందా?"

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే చంద్రకాంతం అందుకుంది.

"అదలా ఉంచండి. ఆడదానికి వంటింటి నుంచి విముక్తి అన్నారే, ఇవాళ మనింట్లో పొయ్యి వెలిగించిందెవరండీ?"

ఈసారి ఆడవాళ్ళ నవ్వుకి కార్యదర్శి కూడా లేచి చప్పట్లు కొట్టాడు, ఉపన్యాసం అయిపోయిందనుకుని.

భీమేశ్వరరావు నవ్వలేదు. బండి దిగి ఇంటికొచ్చిందాకా ఆగి, అప్పుడు విరుచుకుపడ్డాడు. పెద్ద పెద్ద త్యాగాలతో నడిచే ఉద్యమం మీకు వేళాకోళమా అన్నాడు. భార్యకి చైతన్యం లేదన్నాడు. అబ్బుల్ని పెట్టీబూర్జువా అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో అబ్బులుకి తెలియదు గానీ, తిట్టని మాత్రం తెలిసింది. ఇకమీదట కథలో సందేహాలు వద్దు, తందాన తాన చాలన్నాడు.

"సరేనండి," అంది చంద్రకాంతం.

"అలాగే కామ్రేడ్," అన్నాడు అబ్బులు. అప్పటిదాకా వాడు స్టేజీ దిగితే భీమేశ్వరరావుని "ఒరేయ్ భీమేశూ" అని తప్ప పిలిచి ఎరగడు.

ఆ తర్వాత ఇద్దరూ ఎదురు చెప్పలేదు. స్టేజీ మీదా చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. అయినా నమ్మినట్టు మొహాల్లో కనబడటం లేదు. అదీ భీమేశ్వరరావు బాధ.

గవర్రాజు గారు అంతా విని లోపలికి వెళ్ళి గుమ్మెట తెచ్చుకున్నారు. శిష్యుడికి ఎడమపక్క నిలబడ్డారు.

"చెప్పు కథ. వంత నేను."

గురువు శిష్యుడికి వంత పాడటం ఎక్కడా లేదు. భీమేశ్వరరావు సిగ్గుపడ్డాడు, వెంటనే సంతోషించాడు. గజ్జె కట్టి మొదలుపెట్టాడు.

"పండిన పంటను కళ్ళంలోనే దొర ఎత్తుకుపోయె..."

"అవును నాయనా, తందాన తాన."

"కౌలు రైతులంతా ఒక్కటైరి..."

"ఒక్కటయ్యారు నాయనా, తందాన తాన."

ఇక్కడ అబ్బులు అడ్డం పడేవాడు. "మొన్నటిదాకా గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకున్నారు గదా గురూ, ఒక్కటెలా అయ్యారు?" అనేవాడు. ఒక్కటెలా అయ్యారో చెప్పడమే భీమేశ్వరరావు కథకి ప్రాణం. ఆ సందేహం మీద కాలు మోపి పైకెగిరేవాడు. ఇప్పుడు కాలెత్తి, మోపడానికి చోటు లేక ఆగాడు. పక్కకి చూశాడు. గురువుగారు సంపూర్ణమైన నమ్మకంతో అతనికేసి చూస్తున్నారు.

చేసేదిలేక దొర కూలిపోయాడన్నాడు. "కూలిపోయాడు నాయనా," అన్నారు గురువుగారు. తెల్లవార్లూ నడవవలసిన కథ, పక్కింటి పొయ్యి మీద ఎసరు మరగకముందే అయిపోయింది.

"బాగుంది," అన్నారు గవర్రాజు గారు గుమ్మెట కిందపెట్టి. ఆయన ఎవరి కథనైనా బాగుందనడం అదే మొదలు. అంతకు మించిన అవమానం భీమేశ్వరరావు ఎరగడు.

అతను నేరుగా అబ్బులు ఇంటికి వెళ్ళాడు. అబ్బులు లేచి నిలబడి కుర్చీ వేశాడు. స్నేహితుడికి కుర్చీ వెయ్యడం కూడా కొత్తే.

"తప్పయిపోయిందిరా. మళ్ళీ కథలో అడుగు."

"ఏం అడగమంటారు కామ్రేడ్? రాసివ్వండి, బట్టీ పట్టేస్తాను."

అందులో వెటకారం ఉంటే బాగుండేదని భీమేశ్వరరావు వాడి మొహమంతా వెతికాడు. లేదు.

ఇంటికి వచ్చేసరికి చంద్రకాంతం అన్నం వడ్డించి ఉంచింది. ముద్ద కలుపుతూ, ఊరికే అన్నట్టు, "పొయ్యి సంగతి అడిగావు చూడు ఆవేళ, దానికి నేను జవాబు చెప్పనేలేదు," అన్నాడు.

"పోనివ్వండి."

"కాదు, మళ్ళీ అడుగు. ఈసారి చెబుతాను."

చంద్రకాంతం మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది. కోపంగా జరపలేదు.

"అడగాలనిపించాలి కదండీ," అంది.

మర్నాడు అతను మళ్ళీ గురువుగారి అరుగు ఎక్కాడు. కూర్చుంటూనే అన్నాడు:

"వాళ్ళకి నమ్మకం లేదని ఏడ్చానండి. ఇప్పుడేం చెప్పినా ఇద్దరూ అవునంటున్నారు."

ఎన్నడూ జవాబు చెప్పని గవర్రాజు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"అడిగినన్నాళ్ళూ వాళ్ళు కథలోనే ఉన్నార్రా," అన్నారు.