పది చెప్పని అమ్మ

అనగనగా సముద్రం హోరు వినబడేంత దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊరి చుట్టూ జీడితోటలు, కొబ్బరితోటలు, మధ్యమధ్యలో పనసచెట్లు. మిట్టమధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడనంత చిక్కటి తోటలవి.

ఆ ఊళ్ళో దమయంతి అని ఒకావిడ ఉండేది. ఆవిడ పెనిమిటి కూర్మయ్య, కొబ్బరికాయలు దింపేవాడు. అత్తగారు పైడమ్మ. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. పెద్దది నీలవేణి, ఎనిమిదేళ్ళది. రెండోవాడు జోగులు, ఆరేళ్ళవాడు. ఆఖరిది బుల్లెమ్మ, దానికింకా మూడు నిండలేదు.

దమయంతి చదివింది అయిదో తరగతే. అయితేనేం, ఇల్లంతా ఆవిడకి బడే. చేటలో బియ్యం పరిచి వేలితో అక్షరాలు దిద్దించేది. బెండకాయలు తరుగుతూ, "ఇందులో బ ఎక్కడుంది, ఢ ఎక్కడుంది? ఢ లేదా, మరి డ ఉందా?" అని అడిగేది. నూతి దగ్గర చేద లాగుతూ లాగుడుకొక ఎక్కం చెప్పించేది. జోగులు 'ళ' రాస్తే అది పడుకున్న పిల్లిలా ఉండేది. అది చూసి అందరూ నవ్వేవారు, వాడూ నవ్వేవాడు. ఆఖరికి పైడమ్మ కూడా ఆ చేట ముందు కూర్చుని, అరవయ్యేళ్ళ వయసులో తన పేరులో 'పై' రాయడం నేర్చుకుంది.

బుల్లెమ్మకి ఒక ఆట ఉండేది. ఉయ్యాల్లోంచి అది "ఒకటి" అనేది. ఎక్కడ ఏ పనిలో ఉన్నా అమ్మ "రెండు" అనాలి. అది "మూడు" అంటే అమ్మ "నాలుగు". అది "తొమ్మిది" అన్నాక అమ్మ "పది" అనేది. అంతే, పది వినబడగానే బుల్లెమ్మ ఉయ్యాల దిగిపోయి, పరుగెత్తుకొచ్చి అమ్మ కాళ్ళని చుట్టేసుకునేది. రోజుకి ఎన్నిసార్లు ఆడినా దానికి తనివి తీరేది కాదు.

ఇలా ఉండగా ఆ ఏడు ఎండాకాలం ఊళ్ళోకి భయం వచ్చింది.

తోటల్లో ఎలుగుబంటి తిరుగుతోందన్నారు. అది పిల్లల తల్లట, రెండు కూనల్ని వీపు మీద మోసుకుని తిరుగుతోందట. జీడిపిక్కలు ఏరుకోడానికి వెళ్ళిన ఒకాయన దానికి అడ్డం పడ్డాడు. ఆయన భుజం చీల్చేసింది. అప్పటి నుంచి మగవాళ్ళు కూడా తోటలోకి ఒంటరిగా వెళ్ళడం మానేశారు.

అప్పుడు పైడమ్మ కోడలిని కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పింది. "పనసపండు తోటలో కొయ్యకమ్మా, దాని వాసన కోసు దూరం పోతాది. పిల్లల్ని చేతికి అందనంత దూరంలో ఉంచకు. ఒకవేళ అది ఎదురైతే పరిగెత్తకు, అరవకు. పిల్లల తల్లి కదా, బెదిరితే మీదకొస్తాది." దమయంతి సరేనంది.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆకాశం మబ్బు పట్టింది. వానొస్తే కింద రాలిన జీడిపిక్కలు పాడైపోతాయి. కూర్మయ్య కొబ్బరితోటలో ఉన్నాడు, ఆ తోట గట్టుకి అవతలే. కేకేస్తే పలికే దూరమే కదా అని దమయంతి పిల్లల్ని తీసుకుని జీడితోటకి బయల్దేరింది.

తోటలో అడుగు పెట్టగానే దారి పక్కన చెదలపుట్ట ఒకటి కనబడింది. ఎవరో గునపంతో తవ్వినట్టు అది సగానికి పగిలి ఉంది. కుక్కలు తవ్వి ఉంటాయిలే అనుకుంది దమయంతి.

ఆ తర్వాత కొంచెం ముందుకెళితే జీడిపళ్ళు నమిలి ఉమ్మేసినట్టు పడి ఉన్నాయి. పందులేమో అనుకుంది.

ఆ తర్వాత తోట మధ్యకి వెళ్ళేసరికి ఒక్క ఉడుత కూడా అరవడం లేదు. దమయంతి ఆగి చుట్టూ చూసింది. వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంది. కానీ పిక్కలు కళ్ళ ముందే రాలి ఉన్నాయి, మబ్బు కమ్ముకొస్తోంది. గబగబా ఏరుకుని పోదామనుకుంది.

వంగి ఉన్న ఒక కొమ్మకి పాతచీరతో ఉయ్యాల కట్టి బుల్లెమ్మని కూర్చోబెట్టింది. అప్పుడు జోగులు పక్కచెట్టు కింద రాలిన పనసపండు చూశాడు. "కొయ్యమ్మా, ఒక్క తొన పెట్టమ్మా" అని కొంగు పట్టుకుని తిరిగాడు. నీలవేణి, "నాయనమ్మ వద్దంది కదమ్మా" అంది. దమయంతికీ ఆ మాట గుర్తుంది. కానీ పిల్లాడి మొహం చూస్తే కాదనలేకపోయింది. పండు కోసింది. ముగ్గురూ తొనలు తిన్నారు, మూతులకి జిగురు చేసుకున్నారు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు నవ్వుకున్నారు. మిగిలిన సగం పండుని ఉయ్యాల కింద పెట్టి, పైన తాటాకు బుట్ట బోర్లించింది.

బుల్లెమ్మ నిద్రపోయింది. దమయంతి పెద్ద పిల్లలిద్దరితో పిక్కలు ఏరుతూ ఒక చెట్టు దాటింది, రెండు చెట్లు దాటింది, మూడో చెట్టు కిందికి వెళ్ళింది. మూడు చెట్ల దూరమేగా, అదేమంత దూరం అనుకుంది.

అప్పుడు ఆకుల చప్పుడైంది. తలెత్తి చూసింది.

ఉయ్యాల కింద నల్లగా ఒక ఆకారం. గుట్టలాంటి వీపు, ఆ వీపు మీద జుట్టు పట్టుకుని రెండు కూనలు. ఎలుగు. అది తాటాకు బుట్టని ఒక్క పంజాతో పక్కకి తోసేసింది. పనసపండులో మూతి పెట్టింది. దాని వీపుకీ, ఉయ్యాలకీ మధ్య జానెడు కూడా లేదు.

దమయంతి  కాళ్ళు వాటంతటవే పరిగెత్తబోయాయి. అత్తగారి మూడు మాటల్లో రెండు జవదాటింది, మూడోదైనా నిలుపుకోవాలని కాళ్ళని ఆపేసింది. జోగులు నోరు తెరవబోతే వాడి మొహాన్ని తన నడుముకి అదుముకుంది.

సరిగ్గా అప్పుడే ఉయ్యాల కదిలింది. బుల్లెమ్మ లేచింది. కళ్ళు నులుముకుంటూ, ఎప్పటిలాగే, "ఒకటి" అంది.

ఎలుగు తినడం ఆపింది. తలెత్తి గాలి వాసన చూసింది.

బదులు పలికితే ఎలుగు తన మీదకి రావచ్చు. పలక్కపోతే బుల్లెమ్మ ఏడుస్తూ కిందకి దిగుతుంది, దిగితే ఎలుగు వీపు మీదే దిగుతుంది. దమయంతి ఊపిరి పీల్చుకుంది. రోజూ వంటింట్లోంచి అన్నట్టే, మెత్తగా, "రెండు" అంది.

"మూడు" అంది బుల్లెమ్మ.

"నాలుగు."

ఎలుగు చెవులు ఆడించింది. కాసేపు విని, మళ్ళీ పండు మీదకి వంగింది.

దమయంతి అదే గొంతుతో, పాట పాడుతున్నట్టు నెమ్మదిగా, "నీలా, తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి నడమ్మా. పరిగెత్తకు. గట్టు దాటాక నాన్నకి చెప్పు. దీన్ని తరమాలని డబ్బాలు కొట్టొద్దని చెప్పు, అరవొద్దని చెప్పు" అంది.  నీలవేణి తమ్ముడి చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. చెట్ల మాటుకి వెళ్ళిపోయింది. ఇప్పుడిక దమయంతి ఒక్కతే.

"అయిదు" అంది బుల్లెమ్మ.

"ఆరు."

"ఏడు."

"ఎనిమిది."

"తొమ్మిది" అని, బుల్లెమ్మ ఉయ్యాల అంచు పట్టుకుని ఒక కాలు బయటపెట్టింది. పది కోసం చూస్తోంది. పది అంటే దిగిపోతుంది.

దమయంతి పది అనలేదు. "బుల్లెమ్మా, పది ఇంకా నిద్ర లేవలేదమ్మా. మళ్ళీ ఒకటి నుంచి వద్దాం. అది లేచేదాకా కాలు లోపల పెట్టుకో" అంది.

బుల్లెమ్మకి అది నచ్చింది. కాలు లోపలికి తీసుకుంది. "ఒకటి" అంది.

రెండోసారి లెక్క మొదలైంది. ఆరు దగ్గర ఎలుగు వీపు మీది కూన ఒకటి మూతి చాపి ఉయ్యాల గుడ్డని వాసన చూసింది. బుల్లెమ్మ వంగి దాన్ని చూసింది.

"అమ్మా, పాపాయి" అంది చెయ్యి చాపుతూ.

"అవునమ్మా. వాళ్ళమ్మ అన్నం తింటోంది. తినేవాళ్ళని ముట్టుకోవచ్చా?"

"కూడదు" అంది బుల్లెమ్మ. నాయనమ్మ నేర్పిన మాట అది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏడు" అంది.

 దమయంతి అరచేతిలో గోళ్ళు గుచ్చుకుంటూ, "ఎనిమిది" అంది. బుల్లెమ్మ "తొమ్మిది" అంది.

"పది లేచిందమ్మా, మొహం కడుక్కుంటోంది. ఇంకొక్కసారి రమ్మంది."

మూడోసారి లెక్క మొదలైంది. అప్పుడు దమయంతి వెనక ఒక పుల్ల విరిగింది. కూర్మయ్య. చేతిలో కత్తి ఉంది, ఒళ్ళంతా చెమట. నీలవేణి చెప్పినట్టే అరవకుండా, కూడా ఎవర్నీ తీసుకురాకుండా వచ్చాడు. ఉయ్యాల చూశాడు, కింద ఉన్నదాన్ని చూశాడు. ముందుకి ఉరకబోయాడు. దమయంతి అతని చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఎంత బలవంతుడో అతను, కొబ్బరిచెట్టు ఎక్కితే చెట్టే వంగేదనేవారు. ఆ మనిషి పెళ్ళాం పట్టు విడిపించుకోకుండా నిలబడ్డాడు.

పుల్ల చప్పుడికి ఎలుగు ఇటు తిరిగింది. వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. దాని గుండె మీది తెల్లని గీత కనబడింది. దాని తల ఉయ్యాల పక్కనే, బుల్లెమ్మ మొహానికి ఎదురుగా.

"అయిదు" అంది బుల్లెమ్మ.

దమయంతి దాని కళ్ళలోకి చూడకుండా, బిడ్డనే చూస్తూ, "ఆరు" అంది.

"ఏడు."

"ఎనిమిది."

ఎలుగు ముక్కుతో బుస్సుమంది. కాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత నాలుగు కాళ్ళ మీదకి దిగింది. పండులో ఇంక తొనలు లేవు, తొక్కే ఉంది. తొక్క ఒకసారి నాకి, వీపు మీది పిల్లల్ని సర్దుకుని, ఏ తొందరా లేకుండా పొదల్లోకి వెళ్ళిపోయింది. పొదలు కదిలాయి. దూరంగా ఇంకోసారి కదిలాయి. ఆ తర్వాత చప్పుడు లేదు.

"తొమ్మిది" అంది బుల్లెమ్మ, నాలుగోసారి అడగాల్సి వస్తుందేమోనని కొంచెం కోపంగా.

దమయంతి నడిచి వెళ్ళింది, పరిగెత్తలేదు. ఉయ్యాల్లోకి రెండు చేతులూ చాపి, "పది" అంది.

బిడ్డ చేతుల్లోకి రాగానే ఆవిడ మోకాళ్ళు నేలకి తగిలాయి. మళ్ళీ లేవలేకపోయింది. కూర్మయ్య ఇద్దర్నీ కలిపి ఎత్తుకుని గట్టు దాటించాడు. గట్టవతల నీలవేణి తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, వాడి చెవులు మూసి కూర్చుని ఉంది. తోటలోంచి ఏదైనా చప్పుడు వాడికి వినబడితే ఏమవుతుందోనని.

ఇంటికొచ్చాక పైడమ్మ ఏమైందని అడిగింది. కూర్మయ్య గుమ్మం మీద చతికిలబడ్డాడు. జోగులు పనసపండు పేరెత్తి వెక్కిళ్ళు పెట్టాడు. దమయంతి గుంజకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు, మొహంలో నెత్తురు లేదు. "రెండు మాటలు తప్పానత్తా" అంది, అంతే. పైడమ్మకి అర్థమైంది. తిట్టలేదు. దగ్గరికొచ్చి కోడలి కాళ్ళకి నూనె రాస్తూ కూర్చుంది.

అప్పుడు బుల్లెమ్మ నాయనమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుని, జరిగిందంతా తనే చెప్పింది.

"నల్లమ్మ ఒచ్చింది నాయనమ్మా. పిల్లల్ని ఎత్తుకొచ్చింది. మా అమ్మ లెక్కలు చెప్తుంటే వాళ్ళూ విన్నారు. వాళ్ళకి పది రాదు. అందుకే ఇంటికెళ్ళిపోయారు."

పైడమ్మ చెయ్యి కోడలి పాదం మీద ఆగిపోయింది. "నీకు భయమెయ్యలేదా అమ్మా?" అని అడిగింది.

"అమ్మ అక్కడే ఉంది కదా" అంది బుల్లెమ్మ.

ఆ మాటకి దమయంతి ఏడ్చింది. తోటలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. పిల్లలు ముగ్గురూ మీద పడి, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆవిడ మొహం తుడిచారు. చాలాసేపు ఎవరూ ఎవర్నీ వదల్లేదు.

అదమ్మా జరిగింది. ఇంక దుప్పటి కప్పుకో, కాళ్ళు ముడుచుకో. నేను ఇక్కడే ఉన్నాను.

ఎలుగమ్మ పోయింది పొదలోకి,
బుల్లెమ్మ చేరింది ఒడిలోకి.
కథేమో కదిలింది కంచికి,
కన్నులేమో జారాలి నిద్దరకి.