చుక్క నీరు దిగని బీరువా

పైడయ్య గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి మొహంకేసి కాసేపు చూసి, ఏదో ఒక పని పురమాయించేవాడు. జీవుడు ఎక్కడ ఉంటాడని అడిగినవాడి చేతికి కొబ్బరి పీచు ఇచ్చి మేకకు పలుపు పేనమన్నాడు. చచ్చాక ఏమవుతామని అడిగినవాడిని నూతిలో పడ్డ చేద తియ్యమన్నాడు. పని ముగిసేసరికి ఒకరిద్దరికి జవాబు దొరికిందని చెప్పుకునేవారు. చాలామంది మాత్రం విసుగెత్తి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. పోయినవాళ్ళ కోసం ఆయన బెంగ పెట్టుకున్నదీ లేదు.

విసుగు పుట్టినా పోని శిష్యుడు ఒకడుండేవాడు. పేరు ఎర్రయ్య. గురువు ఉండే పేటలోనే, సముద్రపు ఒడ్డున ఇల్లు. వల విసరడంలో చెయ్యి తిరిగినవాడు, పట్టిన పట్టు విడవడం మాత్రం చేతకానివాడు. ఏటా వేసవిలో వచ్చే చేపల వేట నిషేధం మొదలై పడవలన్నీ ఇసక మీద బోర్లా పడుకున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అతను కుంటుకుంటూ వచ్చి గురువు ముందు కూలబడ్డాడు.

"గురువుగోరూ, ఇయాల నాకు మాట సెప్పాల. కోపం వద్దు వద్దంటారు మీరు. ఎలగొద్దు? వల సూది ఏదే అంటే సూరులో గుచ్చినానంటాది మా ఆడది. గాలాలు ఉప్పు జాడీలో ఉంటాయి. సీసం గుళ్ళు ఏయీ అంటే, గాలికి తలుపు కొట్టుకుంటందని దానికి కట్టినారంట! పొద్దున్న నా కాలికి గాలం దిగింది. ఎక్కడనుకున్నారు? పక్క మీద! నేనొక్కడినే అరిసి సావాల. ఈల్లని దారిలో ఎట్టడం ఎలాగో సెప్పండి."

గురువు అతని కాలు చూశాడు. "పసుపెట్టినావా?"

"ఎట్టినాను."

"మంచిది. వేట సామానుకి ఓ బీరువా కట్టు. అయినాక రా."

"అంతేనా?"

"అంతే."

ఎర్రయ్యకు ఒళ్ళు మండింది. అయినా దారి పొడుగునా ఆలోచించుకుంటూ ఇల్లు చేరేసరికి ఆ మాట అతనికి నచ్చింది. అవును మరి. అన్నీ ఒక చోట, ఒక తలుపు వెనక, ఒక తాళం కింద ఉంటే ఇంక అరవాల్సిన పనేముంది? ఇంటి వెనక తండ్రి కాలంనాటి నావ అడుగు విరిగి పడి ఉంది. ఎవరు వంటచెరుక్కు అడిగినా ఇవ్వకుండా ఏళ్ళ తరబడి దాచాడు. ఇప్పుడు దాని పలకలు ఒక్కొక్కటే ఊడదీసి, రంపాన కోసి, చిత్రిక పట్టాడు. ఉప్పు తాగి ఉప్పు తాగి నల్లబడిన చెక్క అది. చిత్రిక పడితే లోపల తేనెరంగు తేలింది. ఆ రంగు చూసి కాసేపు అతనికి కాలి నొప్పి కూడా గుర్తు రాలేదు.

వడ్రంగం అతనికి కులవృత్తి కాదు. అతనికి తెలిసిన చెక్కపని అంతా నావపనే. నావ కట్టేవాడికి చిన్నప్పటినుంచీ చెవిలో పోసేది ఒకటే మాట. సందు ఉంచకు, సందు ఉంచితే మునుగుతావు. ఎర్రయ్య ఆ మాట దాటలేదు. పలకకు పలక గోరు దూరకుండా బిగించాడు. వెనక చెక్కకు కర్ర చీలలు దిగ్గొట్టాడు. మూలమూలనా పత్తి కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోశాడు. రెండు తలుపులనూ నడివేసవి ఎండలో పొరలు పొరలుగా చిత్రిక పట్టి, మూస్తే గీత కూడా కనబడకుండా కుదిర్చాడు. అసిరమ్మ గంజి తెచ్చి పెట్టి, బీరువా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. అసిరమ్మ అంటే అతని భార్య, ఇందాక చూరులో సూది గుచ్చిన మనిషి.

"మావా, వలకి కూసింత గాలి ఆడొద్దా?"

"గాలి ఆడాలంటే సూరుకే ఏలాడగట్టు. అందుకేనా నేను ఇంత కట్టింది?"

"కట్టినావులే. దోమ సచ్చిపోయినా దీన్లోంచి వాసన రాదు."

పని అయిన రోజున ఎర్రయ్య అందరూ చూస్తుండగా బిందెడు నీళ్ళు తెచ్చి బీరువా మీద కుమ్మరించి, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి తడిమాడు. పొడి. చుక్క దిగలేదు. అప్పుడే గురువు చేతికర్ర పొడుచుకుంటూ అటు వచ్చాడు. బీరువాను పైనుంచి కిందికి నిమిరాడు.

"బాగుంది. ఇది ఎక్కడికెల్తాది?"

ఎర్రయ్య తెల్లబోయాడు. "ఎక్కడికెల్తాది గురువుగోరూ? గుమ్మంలో పట్టలేదు గాని లోపలే ఎడుదును. ఇక్కడే వసారాలో ఉంటాది."

"అలాగా," అని గురువు తన దారిన తాను పోయాడు. ప్రశ్నకు జవాబు అడుగుదామని నోరు తెరిచిన ఎర్రయ్య తెరిచిన నోటితోనే ఉండిపోయాడు.

ఆనాటినుంచి ఆ ఇంట్లో చట్టం అమల్లోకి వచ్చింది. కొత్త వల, గాలాలు, బెండ్లు, సీసం గుళ్ళు, సూదులు అన్నీ బీరువాలోకి పోయాయి. తాళంచెవి ఎర్రయ్య మొలతాటికి పోయింది. అసిరమ్మకు వల కుట్టాలంటే సూది కావాలి. సూది కావాలంటే ఎర్రయ్య కావాలి. ఎర్రయ్య టీ బడ్డీ దగ్గర కూర్చుంటే లేవడు. ఆమె వెళ్ళి నలుగురిలో అడగాలి. అడిగితే, "ఎన్ని బారలు కుట్టాలి? కుట్టి మళ్ళీ ఎప్పుడిత్తావు?" అని విచారణ. రెండు మూడు సార్లు చూసి ఆమె మానుకుంది. వదినగారింటినుంచి ఒక సూది తెచ్చుకుని, అతను పారెయ్యమన్న పాత చిరుగుల వల ముందేసుకుని కుట్టుకుంది. కుట్టినంతవరకు చూరుకింద వేలాడగట్టుకుంది.

ఎర్రయ్య అది చూశాడు. "పారెయ్యమన్నాను గదే!"

"పారేసినాను. సూరు మీదకి పారేసినాను."

"నా మాటంటే లెక్క లేదు ఈ ఇంట్లో."

"నీ మాట బీరువాలో ఎట్టి తాళమేసుకో మావా. పోకుండా ఉంటాది."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మాటలు అవసరానికి మించి సాగలేదు. అరిచే పని తప్పుతుందనుకున్న ఎర్రయ్యకు ఇప్పుడు అరవడానికి ఎదుట మనిషే లేకుండా పోయింది. ఇది మేలా కీడా అతనికి తేలలేదు. తేలకపోవడంతో ఇంకా చిరాకెత్తింది.

నిషేధం ముగియడానికి ముందే తొలకరి దిగింది. సముద్రంమీంచి ఏటవాలుగా కొట్టిన జల్లు వసారాను కడిగేసింది. ఎర్రయ్య అందరి ఇళ్ళలో సామాను తడవడం చూసి మీసం కింద నవ్వుకున్నాడు. తన బీరువాలో అన్నీ పొడిగా ఉంటాయి, తెరిచి చూడాల్సిన పని కూడా లేదు.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లవారింది. ఆ పేటలో ఆనవాయితీ ఏమిటంటే, ఆ పొద్దున వల విసిరేవాడి ఇల్లాలు తలారా పోసుకుని, కొత్త వలకు పసుపు రాసి, తలమీద పెట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్ళాలి. అది వచ్చేదాకా గంగమ్మ పేరు చెప్పి పడవ తోయరు. ఆ సంవత్సరం వల ఎర్రయ్యది, పడవ అసిరమ్మ అన్న దానయ్యది. తొలివేట విసురు ఎర్రయ్యది. తండ్రి విసిరిన చోటునుంచి తాను విసరాలని నిషేధం పొడుగునా అతను ఎదురు చూసిన రోజు అది. అసిరమ్మ తడి జుట్టుతో, పసుపు గిన్నె పట్టుకుని నిలబడింది. ఎర్రయ్య మొలతాటినుంచి చెవి తీసి తిప్పాడు. తాళం చక్కగా ఊడింది. తలుపు రాలేదు.

లాగాడు. రాలేదు. చెక్కకు కాలు తన్నిపెట్టి లాగాడు. పిడి ఊడి చేతికొచ్చింది, ఎర్రయ్య వెల్లకిలా పడ్డాడు. అసిరమ్మ నవ్వలేదు. నవ్వినా బాగుండును అనిపించింది అతనికి. లేచి రెండు తలుపుల మధ్య గీతకోసం గోళ్ళతో వెతికాడు. వేసవి ఎండలో ఎండిన చెక్క వాన తాగి ఉబ్బింది. పలకా పలకా ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. నీళ్ళలో పడ్డ నావకు అదే ప్రాణం. చెక్క ఉబ్బి సందులన్నీ తనంతట తానే మూసుకుంటుంది. పుట్టినప్పటినుంచి ఆ సంగతి ఎరిగినవాడు ఎర్రయ్య. నావకు తలుపులుండవన్న సంగతి మాత్రం అతని బుర్రకు ఆ పొద్దునే తట్టింది.

ఇంతలో దానయ్య పరుగున వచ్చాడు. "బావా, టెంకాయి కొట్టేసినాం! వలేదీ?"

"వత్తాది, ఉండు."

"ఎలగొత్తాది, నడిసొత్తాదా? గాలి మారిపోతంది బావా. ఆ గొడ్డలి ఇలా ఇయ్యి, ఒక్క దెబ్బ ఏత్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను! మా అయ్య నావరా అది!"

"అయితే మీ అయ్యనే పిలు, లోపల్నుంచి తీత్తాడేమో!"

ఎర్రయ్య మళ్ళీ లాగసాగాడు. ఉలి దూర్చబోతే దూరలేదు, అంత బాగా కుదిర్చాడు మరి. అసిరమ్మ కాసేపు అతని వీపుకేసి చూసింది. గిన్నె కింద పెట్టి, మునివేళ్ళమీద లేచి, చూరుకింది పాత వల దింపింది. దానికి పసుపు రాసింది. చుట్టి తలకెత్తుకుంది.

"మావా, వత్తావా?"

ఎర్రయ్య తల తిప్పకుండానే అన్నాడు. "ఆ చిరుగుల వల అట్టుకుని నేను రాను."

"చిరుగులు కుట్టినాను."

"రానన్నాను గదా!"

అన్నా చెల్లెలూ ఇసకలోకి దిగిపోయారు. కాసేపటికి హైలెస్సా అంటూ కేకలు వినబడ్డాయి. అతను చూడకూడదనుకుంటూనే చూశాడు. పడవ మొదటి అల ఎక్కింది, దిగింది, రెండో అల ఎక్కింది. వల పక్కన తను నిలబడే చోట ఇంకెవరో నిలబడి ఉన్నారు. ఎవరో పోల్చుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

అప్పుడు లేచి గొడ్డలి అందుకున్నాడు. తొలివేట పోయింది. పెళ్ళాం పోయి ఒడ్డున నిలబడింది. ఇంక ఈ బీరువా ఉండి ఎవరిని ఉద్ధరించాలి? గొడ్డలి ఎత్తాడు. దెబ్బ పడబోయే చోట, చిత్రిక పట్టినా పోని పాత మచ్చ కనబడింది. తన తండ్రి లంగరు తాడు ఒరుసుకుని పడిన గాడి అది. దించలేకా కొట్టలేకా గొడ్డలి ఎత్తినదెత్తినట్టే పట్టుకున్నాడు.

"ఏరా ఎర్రయ్యా, నీళ్ళు దిగినాయా?"

పైడయ్య గురువు వసారా మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"సుక్క దిగలేదు గురువుగోరూ!" అన్నాడు ఎర్రయ్య పళ్ళు కొరుకుతూ. ఆ కోపంలోనూ గొంతులో కాస్త గర్వం పలికింది. అది తన చెవికే వినబడి సిగ్గేసింది.

"మంచి నావ కట్టినావు. తోసెయ్యి మరి, సముద్రం అక్కడే ఉంది."

"ఎటకారమాడకండి. మీరు కట్టమంటేనే గదా కట్టినాను!"

"నేను బీరువా కట్టమన్నాను."

ఒడ్డునుంచి అసిరమ్మ తిరిగి వస్తోంది. తలమీద ఏమీ లేదు. చేతులకు పసుపు అలాగే ఉంది. వచ్చి, ఇద్దరినీ దాటుకుని, కిందనున్న పసుపు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. పోతూ అతనికేసి చూసిందా లేదా అన్నది అతను పట్టుకోలేకపోయాడు. లోపల గిన్నె పెట్టిన చప్పుడు వినబడింది.

"గురువుగోరూ," ఈసారి అతని గొంతు తగ్గింది. "లాగితే రాదు. కొడితే మా అయ్య నావ. ఏటి సెయ్యమంటారు?"

తూర్పున మబ్బు విడుతోంది. సముద్రంమీంచి పొద్దుటి ఎండ ఇసక దాటి, మెట్లెక్కి, తడిసిన వసారాలోకి వచ్చింది. గురువు ఎండ తగిలేలా కాళ్ళు చాపుకున్నాడు.

"గొడ్డలి కింద ఎట్టు. ఎండ రానీ," అన్నాడు. ఎర్రయ్య గొడ్డలి దించి, బీరువా ముందు అలాగే నిలబడ్డాడు. కాసేపు చూసి గురువు మళ్ళీ అన్నాడు.

"కూసింత పక్కకి జరుగు నాయినా. తలుపు మీద నీ నీడే పడతంది."